సెంటర్‌కి దగ్గరా, స్టేషన్‌కి దగ్గరా? వేసవి సెలవులకి సిటీ హోటల్ ఎక్కడ తీసుకోవాలి

బుకింగ్ సైట్లు తెరిస్తే ప్రతి హోటలూ సెంటర్‌కి దగ్గరే. ఒకటి 800 మీటర్లంటుంది, ఇంకొకటి 2 కిలోమీటర్లంటుంది, రేటు చూస్తే రెట్టింపు తేడా. డబ్బులు ఎక్కువైనా పర్లేదనుకుని 800 మీటర్ల దాన్ని నొక్కేస్తాం. అయితే ఆ దూరం చాలాసార్లు మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలిచింది. మధ్యలో నది అడ్డొచ్చినా, రైలు పట్టాలున్నా, కొండెక్కాల్సి వచ్చినా ఆ అంకె మారదు. వెనిస్‌లో జుదెక్కా దీవి మీద హోటల్ తీసుకుంటే ఊరి నడిమధ్య సాన్ మార్కో స్క్వేర్ కళ్లెదుటే కనబడుతుంది. కానీ మామూలు రోజుల్లో అక్కడికి వంతెన లేదు, పడవ ఎక్కాల్సిందే.

వేసవిలో ఇంకో చిక్కు కూడా ఉంది. మిగతా కాలాల్లో పొద్దున బయల్దేరితే రాత్రికి రూమ్ చేరతాం, అంటే రోజుకి రెండు ప్రయాణాలు. ఎండాకాలంలో రోజు రెండు ముక్కలవుతుంది. పొద్దున్నే బయటపడి, ఎండ ముదిరేసరికి రూమ్‌కి వచ్చి, స్నానం చేసి ఓ కునుకు తీసి, చల్లబడ్డాక మళ్లీ వెళ్లాలి. ప్రయాణాలు నాలుగవుతాయి. హోటల్ 40 నిమిషాల దూరంలో ఉంటే రోజుకి 2 గంటల 40 నిమిషాలు దారిలోనే గడిచిపోతాయి. 15 నిమిషాలైతే గంటతో సరి. అంత దూరం ఉన్నవాళ్లు లెక్క చూసుకుని మధ్యాహ్నం వెనక్కి రావడమే మానేస్తారు. మూడో రోజుకి ఇంట్లో అందరికీ తలనొప్పి, ఒకరి మీద ఒకరికి చిరాకు.

అందుకే సిటీ హోటల్ ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: మధ్యాహ్నం ఒంటిగంటకి ఇక్కడికి తేలిగ్గా తిరిగి రాగలమా? సెంటర్‌కి ఎంత దూరం, ఎన్ని స్టార్లు అన్నవి ఆ తర్వాతే.

ముందు ఏమేం చూడాలి

మొదటిది, తలుపు నుంచి తలుపుకి పట్టే టైమ్. ‘మెట్రోలో 12 నిమిషాలే’ అని రాసి ఉంటే అది రైల్లో కూర్చున్న టైమ్ మాత్రమే. లిఫ్ట్ కోసం ఆగడం, స్టేషన్ దాకా నడవడం, మెట్లు దిగడం, రైలు కోసం చూడడం, దిగాక మళ్లీ నడవడం, ఇవన్నీ కలిపితే 12 కాస్తా 35 అవుతుంది. నడక నిమిషాలనీ గుడ్డిగా నమ్మకూడదు. జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకి ఒక నిబంధన ఉంది: 80 మీటర్లని ఒక నిమిషం నడకగా లెక్కేయాలి. సిగ్నళ్ల దగ్గర ఆగేది, ఎత్తు ఎక్కేది అందులో కలవవు. కొలతకి నిబంధన ఉన్నచోటే ఇలా ఉంటే, ఏ నిబంధనా లేని హోటల్ ప్రకటనలో ‘5 నిమిషాల నడక’ అన్న మాటకి ఏం విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది. చిన్నపిల్లల్ని ఎత్తుకుని నడిచేటప్పుడు నేనైతే ఆ అంకెని రెట్టింపు చేసుకుంటాను.

రెండోది నీడ. స్టేషన్ నుంచి హోటల్ దాకా 500 మీటర్లు చెట్ల కింద నడవడం వేరు, అదే 500 మీటర్లు ఎనిమిది వరుసల రోడ్డు పక్కన, నీడ లేని ఫుట్‌పాత్ మీద నడవడం వేరు. దుబాయ్‌లో మెట్రో స్టేషన్లకి ఏసీ ఉంది, బుర్జ్ ఖలీఫా స్టేషన్ నుంచి దుబాయ్ మాల్ దాకా నడిచే వంతెనకీ ఏసీ పెట్టారు. అలాంటి ఊళ్లో హోటల్ ఆ వంతెనకి కలిసి ఉందా, ఆ చివరి 300 మీటర్లు ఎండలో నడవాలా అన్న దాన్ని బట్టే సెలవు ఎలా గడుస్తుందో తేలిపోతుంది.

మూడోది రాత్రి తిరిగి రావడం. వేసవి సాయంత్రాలు సాగుతూనే ఉంటాయి. మాడ్రిడ్‌లో జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి 9:45 దాటాకే. అక్కడ ఎండ బాగా మండేది సాయంత్రం 5, 6 గంటల వేళ. అంటే ఊరు చూడ్డానికి అనువైన సమయం మొదలయ్యేదే రాత్రి 8కి. ఆఖరి రైలు ఎన్నింటికో తెలియకుండా దూరంగా హోటల్ తీసుకుంటే తినే అన్నం కూడా గడియారం చూసుకుంటూ తినాలి. టోక్యోలో రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగి మళ్లీ తెల్లవారుజామున 5 గంటల వేళ కదులుతాయి. లండన్‌లో కొన్ని లైన్లలో శుక్ర, శనివారాల రాత్రుళ్లు తెల్లవార్లూ రైళ్లున్నాయి, మిగతా రోజుల్లో లేవు.

నాలుగోది నిద్ర. ఇందులో ఏసీ, గోల ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, చాలామంది వాటిని విడివిడిగా చూస్తారు. ఏసీ ఉంటే కిటికీలు మూసుకోవచ్చు, కింద వీధిలో ఎంత సందడి ఉన్నా నిద్ర పడుతుంది. ఏసీ లేకపోతే కిటికీ తెరవాలి, తెరిస్తే బార్ల ముందు కబుర్లు, స్కూటర్లు, తెల్లారి 5కి చెత్త లారీ, అన్నీ మంచం పక్కకే వచ్చేస్తాయి. యూరప్ పాత భవనాల్లో నడిచే హోటళ్లు చాలావాటికి ఏసీ ఉండదు, అదేమంత లోటుగా అక్కడివాళ్లు భావించరు. పైగా నగరాల మధ్యలో గోడలూ రోడ్లూ పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతాయి, సూర్యుడు దిగినా రూమ్ చల్లబడదు. అన్నిటికన్నా పై అంతస్తు, పడమటి కిటికీ, ఏసీ లేదు, ఈ మూడూ కలిసిన రూమ్ ఉత్తినే ఇచ్చినా వద్దనే అంటాను.

లగేజీ సంగతి, మొత్తం ఖర్చు సంగతి కింద సందర్భం వచ్చినచోట చెప్తాను.

ఒక్క చూపులో

| ఎక్కడ | మధ్యాహ్నం తిరిగి రావడం | రాత్రి తిరిగి రావడం | లగేజీతో | నిద్ర | రేటు |
|---|---|---|---|---|---|
| పాత ఊరి నడిబొడ్డు | నడిచి రావచ్చు | నడిచి రావచ్చు | కష్టం | ఏసీ ఉంటేనే | ఎక్కువ |
| పెద్ద రైల్వే స్టేషన్ పక్కన | తేలిక | తేలిక, వీధిని బట్టి | అన్నిటికన్నా తేలిక | మధ్యస్థం | మధ్యస్థం |
| మెట్రో లైన్ మీద నివాస ప్రాంతం | మారకుండా ఒకే రైలైతే బాగుంటుంది | ఆఖరి రైలు చూసుకోవాలి | ఫర్వాలేదు | బాగుంటుంది | తక్కువ నుంచి మధ్యస్థం |
| సముద్రం, నది ఒడ్డున | ఊరిని బట్టి | ఊరిని బట్టి | మధ్యస్థం | బాగుంటుంది, వారాంతాల్లో సందడి | సీజన్‌లో చాలా ఎక్కువ |
| ఎయిర్‌పోర్ట్, రింగ్ రోడ్ వైపు | కుదరదు | ట్యాక్సీయే దిక్కు | కారుంటే తేలిక | బాగుంటుంది | తక్కువగా కనిపిస్తుంది |

పాత ఊరి నడిబొడ్డు

చూడాల్సినవన్నీ చుట్టూ ఉంటాయి. ఏదైనా మర్చిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు, చెమట పట్టిన చొక్కా మార్చుకుని రావచ్చు, పిల్లాడు మారాం చేస్తే పది నిమిషాల్లో పక్క మీద పడుకోబెట్టొచ్చు. మధ్యాహ్నం పరీక్షలో దీనికి నూటికి నూరు. రెండు మూడు రాత్రుల కోసం వెళ్లేవాళ్లు ఎక్కువ పెట్టయినా ఇక్కడే దిగడం మంచిది.

చిక్కంతా భవనాలతోనే. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్కన పాత ఇళ్లల్లో పెట్టిన హోటళ్లకి మెట్లు నిచ్చెన అంత నిటారుగా ఉంటాయి, చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు. లిస్బన్ పాతపేట అల్ఫామాలో హోటల్ దాకా రోడ్డే మెట్లుగా మారిపోతుంది. వెనిస్‌లో కార్లు తిరగవు, కాలవల మీద వంతెనలు, దాదాపు ప్రతి వంతెనకీ మెట్లు. పెద్ద సూట్‌కేసుతో నాలుగు వంతెనలు దాటేసరికి ఆ ఊరి అందం కాసేపు కంటికి కనబడదు. ఫొటోల్లో రూమ్ చూసే ముందు భవనం గుమ్మం చూడండి. ‘లిఫ్ట్ ఉంది’ అని రాసి ఉన్నా అది వీధి నుంచే మొదలవుతుందా, ఒక అంతస్తు మెట్లెక్కాక మొదలవుతుందా అని అడగండి. పాత భవనాల్లో రెండోదీ మామూలే.

కారులో వెళ్లేవాళ్లకి ఇది అసలు పనికిరాదు. ఇటలీ నగరాల మధ్యభాగాల్లో జెడ్‌టీఎల్ అని పిలిచే పరిమిత ప్రాంతాలుంటాయి. అనుమతి లేని కారు లోపలికి వెళ్తే కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా ఆ తర్వాత ఇంటికొస్తుంది.

రైల్వే స్టేషన్ పక్కన

స్టేషన్ పక్క హోటల్ అంటే మొహం చిట్లించేవాళ్లు చాలామంది. నేను మాత్రం దీన్నే ముందు వెతుకుతాను, ముఖ్యంగా ఒక ఊళ్లో ఉండి చుట్టుపక్కల ఊళ్లు చూసి రావాలనుకున్నప్పుడు. ఎయిర్‌పోర్ట్ రైలు దిగితే హోటల్, ఆఖరి రోజు రూమ్ ఖాళీ చేశాక సామాను అక్కడే వదిలేసి తిరగొచ్చు. రోమ్ తెర్మినీ స్టేషన్‌ని తీసుకోండి. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి లియోనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో అక్కడికి తెస్తుంది. అక్కడి నుంచి కొలోసియం మెట్రో బి లైన్ మీద రెండో స్టేషన్. పాత ఊరి మధ్యలో, ఏ మెట్రోకీ అందని సందులో రూమ్ తీసుకున్నవాడికన్నా తెర్మినీ దగ్గర ఉన్నవాడు చాలా చోట్లకి ముందుగా చేరతాడు.

చూసుకోవాల్సింది స్టేషన్‌కి ఏ వైపు ఉందన్నది. ప్రతి పెద్ద స్టేషన్‌కీ ఒక ముందువైపు, ఒక వెనకవైపు ఉంటాయి. ముందువైపు దీపాలు, దుకాణాలు, జనం. వెనకవైపు ఒక్కోసారి రాత్రి 10 తర్వాత ఒంటరిగా నడవబుద్ధి కాదు. మధ్యలో పట్టాలు కాబట్టి ఇటు నుంచి అటు వెళ్లాలంటే ఏ సొరంగమో, పై వంతెనో వెతుక్కోవాలి. పెద్ద స్టేషన్లలో ఏ ద్వారం దగ్గర అన్నదీ ముఖ్యమే. టోక్యో షింజుకు స్టేషన్‌కి 200కి పైగా ద్వారాలున్నాయి. అక్కడ ‘స్టేషన్ నుంచి 3 నిమిషాలు’ అని హోటల్ చెప్తే, ఏ ద్వారం నుంచి అని అడగకపోతే లోపలే పావుగంట తిరగాల్సి రావచ్చు.

మెట్రో లైన్ మీద నివాస ప్రాంతం

నాలుగు రాత్రులు దాటితే, కుటుంబంతో అయితే, నా ఓటు దీనికే. వీధులు రాత్రి ప్రశాంతంగా ఉంటాయి, రూములు కాస్త పెద్దవి, భవనాలు కొత్తవి కాబట్టి ఏసీ, లిఫ్ట్ ఉండే అవకాశం ఎక్కువ. కింద సూపర్‌మార్కెట్, మూల మీద లాండ్రీ. చెమటకి రోజుకి రెండు జతలు మారే రోజుల్లో లాండ్రీ ఉండటం చిన్న విషయమేమీ కాదు.

కానీ మెట్రో ఉందని చెప్పి ఎక్కడపడితే అక్కడ తీసుకుంటే కుదరదు. రైలు మారకుండా సెంటర్‌కి వెళ్లే లైన్ అయ్యుండాలి. ఒక్కసారి మారడమంటే 5 నుంచి 10 నిమిషాలు, పైగా మెట్లు. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకి లిఫ్ట్ లేదు, లండన్‌లో మూడింట రెండొంతుల స్టేషన్లలో ఎక్కడో ఒకచోట మెట్లు తప్పవు. పిల్లల బండి ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు హోటల్ కన్నా ముందు స్టేషన్‌ని ఎంచుకోవాలి.

వేసవిలో ఏ లైన్ అన్నది మరీ ముఖ్యం. లండన్‌లో సెంట్రల్, బేకర్లూ లైన్ల రైళ్లకి ఏసీ లేదు, లోతైన సొరంగాల్లో వేడి పట్టుకుని కూర్చుంటుంది. అదే ఊళ్లో డిస్ట్రిక్ట్, సర్కిల్, మెట్రోపాలిటన్ లైన్లకీ, 2022లో తెరిచిన ఎలిజబెత్ లైన్‌కీ ఏసీ ఉంది. సెంటర్ నుంచి ఒకే దూరంలో, ఒకే రేటుకి రెండు హోటళ్లు దొరికితే ఏసీ లైన్ మీద ఉన్నదాన్ని తీసుకోండి. రోజుకి నాలుగు ప్రయాణాలన్న లెక్క మర్చిపోవద్దు.

ఇంకో మెలిక. పట్టాల పనులు చాలా ఊళ్లలో వేసవిలోనే పెడతారు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు తగ్గుతారు కాబట్టి. పారిస్‌లో ఆర్‌ఈఆర్ (శివార్లని కలిపే రైళ్లు) ఎ లైన్ మధ్యభాగాన్ని 2015 నుంచి కొన్నేళ్లపాటు వేసవి వారాల్లో పట్టాలు మార్చడానికి మూసేశారు. మన హోటల్‌కి ఉన్నది ఆ ఒక్క లైనే అయితే సెలవంతా బదులు బస్సుల్లోనే. అందుకే రెండు లైన్లు కలిసే స్టేషన్ దగ్గర హోటల్ దొరికితే కాస్త ఎక్కువైనా వదలకండి. టోక్యోలో యమనోతె లైన్ మీద ఉండమని అందరూ చెప్పేది ఇందుకే. 34.5 కిలోమీటర్ల వలయం, 30 స్టేషన్లు, ఎటు ఎక్కినా తిరిగి వస్తుంది, చాలా స్టేషన్లలో వేరే లైన్లూ కలుస్తాయి.

నీళ్ల ఒడ్డున

గాలి బాగుంటుంది, పిల్లలకి ఆట, సాయంత్రానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. సెలవులో సగం ఈతకీ, సగం ఊరికీ అనుకునేవాళ్లకి ఇదే సరైనది. బార్సెలోనాలో బార్సెలోనెటా ఒడ్డు పాత ఊరికి నడిచేంత దూరమే, అక్కడ రెండూ కుదురుతాయి. బ్యాంకాక్ నది ఒడ్డు హోటళ్లు చాలావరకు సొంత పడవలు నడుపుతాయి, సాథోర్న్ రేవులో దిగి పక్కనే సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో స్కైట్రైన్ (రోడ్డు పైన నడిచే మెట్రో) ఎక్కొచ్చు, రోడ్డు మీద ట్రాఫిక్‌తో పనే లేదు. అయితే ఆ పడవ రాత్రి ఎన్నింటిదాకా, ఎంతసేపటికి ఒకటి అన్నది ముందే తెలుసుకోవాలి.

చాలా ఊళ్లలో మాత్రం ఒడ్డు ఒక అంచున, ఊరు ఇంకో అంచున. చూడాల్సినవి ఎక్కువుంటే రూమ్ కిటికీలోంచి కనబడే నీళ్లకి కట్టిన డబ్బు వృథా, ఎందుకంటే ఆ కిటికీ దగ్గర మనం ఉండేదెంతసేపు?

ఎయిర్‌పోర్ట్ వైపు, రింగ్ రోడ్ వైపు

తెల్లవారుజామున విమానం ఉంటే ఆఖరి ఒక్క రాత్రికి సరే. కారులో తిరిగేవాళ్లకి, కారు పెట్టేసి రైలెక్కే స్టేషన్ పక్కనుంటే ఫర్వాలేదు. మిగతావాళ్లకి వద్దు. రేటు తక్కువ కనిపించినా నలుగురికి రోజూ రానుపోను టికెట్లు, రాత్రి ట్యాక్సీ కలిపి చూస్తే మెట్రో పక్క హోటల్‌తో సమానమవుతుంది, కొన్నిసార్లు దాటుతుంది.

ఎవరికి ఏది

చిన్నపిల్లలుంటే మధ్యాహ్నం నిద్రే రాజు. పాత ఊళ్లో ఏసీ, లిఫ్ట్ ఉన్నది దొరికితే అది, లేకపోతే ఒకే లైన్‌లో 15 నిమిషాల్లోపు వచ్చే నివాస ప్రాంతం. పెద్దవాళ్లతో అయితే దూరం కన్నా మెట్లు చూడండి. సెంటర్‌కి 3 కిలోమీటర్లున్నా గుమ్మం ముందు బస్సు ఆగే హోటల్, 600 మీటర్లే ఉన్నా ఎత్తు ఎక్కాల్సిన హోటల్ కన్నా మేలు. బస్సులో మెట్లు దిగక్కర్లేదు, ఊరూ కనబడుతుంది.

స్నేహితుల గుంపుకి రాత్రి తిరిగి రావడమే అసలు లెక్క, కాబట్టి నడిబొడ్డు, లేదంటే స్టేషన్ ముందువైపు. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు స్టేషన్ నుంచి హోటల్ దాకా ఆ ఆఖరి వీధిలో రాత్రి దుకాణాలు తెరిచి ఉంటాయా అన్నది చూసుకుంటే చాలు, మిగతా ఏ ప్రాంతమైనా నడుస్తుంది.

వారం ఉంటున్నాం కదా, సగం ఇక్కడ సగం అక్కడ అని ఒకే ఊళ్లో రెండు హోటళ్లు తీసుకునే ఆలోచన వస్తుంది. వద్దంటాను. ఒక హోటల్ 11కి ఖాళీ చేయమంటుంది, రెండోది 3కి గానీ తాళం ఇవ్వదు. సరిగ్గా ఎండ మండే ఆ నాలుగు గంటలు రూమ్ లేకుండా ఉంటాం.

బుక్ చేసే ముందు పావుగంట పని

ఎంచుకున్న రెండు మూడు హోటళ్లకి మ్యాప్‌లో దారి చూడండి, కానీ ఇప్పటి టైమ్‌కి కాదు. మీరు తప్పకుండా చూసే ఒక చోటు నుంచి హోటల్‌కి, మామూలు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి, శనివారం రాత్రి 11:30కి ఒకసారి పెట్టి చూడండి. తర్వాత మ్యాప్‌లో వీధి ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూలో స్టేషన్ ద్వారం నుంచి హోటల్ గుమ్మం దాకా ‘నడవండి’. చెట్లున్నాయా, ఫుట్‌పాత్ ఉందా, మెట్లొచ్చాయా, కింద బార్ ఉందా, అంతా కనబడుతుంది.

రివ్యూలు అన్నీ చదవక్కర్లేదు. ఆ ఊళ్లో ఎండలు మండే నెలల్లో రాసినవి చాలు. సిడ్నీకైతే అవి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. వాటిలో ఏసీ, గోల, లిఫ్ట్ అన్న మాటలు వెతకండి. చలికాలంలో బస చేసినవాడు ఇచ్చిన పదికి పది మనకి ఎందుకూ కొరగాదు.

ఆ తర్వాత హోటల్‌కి ఒక మెయిల్. ఏసీ రూమ్‌లోనే ఆన్, ఆఫ్ చేసుకునేదా, హోటల్ తన ఇష్టమొచ్చిన వేళల్లో నడిపేదా? మాకిచ్చే రూమ్ కిటికీ వీధి వైపా, లోపలి పెరడు వైపా? పొద్దున్నే దిగితే సామాను పెట్టుకుంటారా, ఆఖరి రోజు సాయంత్రం స్నానానికి చోటుంటుందా? సిటీ ట్యాక్స్ రేటులో కలిసిందా, అక్కడ విడిగా కట్టాలా? రోమ్, పారిస్ లాంటి చోట్ల మనిషికి, రాత్రికి ఇంత అని తీసుకుంటారు, నలుగురు వారం ఉంటే ఆ మొత్తం లెక్కలోకి వస్తుంది. స్టాక్‌హోమ్ లాంటి ఉత్తరాది ఊరైతే మందపాటి కర్టెన్ ఉందా అని కూడా అడగండి, జూన్‌లో అక్కడ తెల్లారి మూడున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. ఈ ప్రశ్నలకి ముక్కుసూటిగా జవాబిచ్చిన హోటల్‌ని నేను సగం నమ్మేస్తాను.

బుక్ చేసేటప్పుడు క్యాన్సిల్ చేసుకునే వీలున్న రేటే తీసుకోండి, కాస్త ఎక్కువైనా. క్యాన్సిల్ గడువు ముగిసే ముందు రోజు ఫోన్‌లో అలారం పెట్టుకుని, ఆ ఊరి మెట్రో సైట్‌లో మీ లైన్ మీద మూసివేతలేమైనా ప్రకటించారేమో చూడండి. ప్రకటించి ఉంటే రెండో లైన్ మీద మీరు ముందే చూసి పెట్టుకున్న హోటల్‌కి ఆ రోజే మారిపోవచ్చు.